మంచు గదిలో పాలవాడు

చలి యంత్రం ఇంజనీరు లెఫ్రాంక్ శవం ఉప్పు పీపాలో దొరికింది. మనిషి మాయమై అప్పటికి వారం. జనవరి నడివేసవి ఎండల్లో బ్యూనస్ ఐరిస్‌లో పొద్దున కోసిన మాంసం సాయంత్రానికి వాసనేస్తుంది. లెఫ్రాంక్ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది వాళ్ల విజిటింగ్ కార్డు," అన్నాడు కల్నల్ లుసేరో, పీపాకి మూత వేయిస్తూ. "స్పెయిన్‌లోని కాదిజ్ ఉప్పు ముఠా. మాంసాన్ని నిలవుంచేది ఉప్పేగానీ చలి కాదని మనకి పాఠం చెప్తున్నారు."

హసింతో బర్రగాన్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు. ఊరికి అతను తోళ్ల వర్తకుడు. కల్నల్‌కి మాత్రం ఏజెంట్ పదకొండు.

"మిషన్ చెప్పండి, కల్నల్ గారూ."

"బోకా ఏటి రేవులో 'సాంతా బ్రిహిదా' ఓడ ఉంది. దాని కడుపులో రేకు గది, చుట్టూ పైనా మంచు తొట్లు. లోపల నెలనాటి మాంసం వేలాడుతోంది. ఈ సాయంత్రం మంత్రిగారూ, యూరప్ కొనుగోలుదార్లూ వచ్చి తలుపు తెరిపిస్తారు. బాగుంటే మన మాంసం పచ్చిదే సముద్రం దాటుతుంది. కుళ్లితే ఆ మాట మళ్లీ ఎత్తే దమ్ము ఈ దేశంలో ఎవడికీ ఉండదు."

"చలి యంత్రం?"

"లెఫ్రాంక్ పోయిన దగ్గర్నుంచీ మూలుగుతోంది. సున్నా దగ్గర ఉండాల్సిన గది నాలుగు డిగ్రీలకి ఎక్కింది."

 ఆ గదిలో వేలాడేవి హసింతో ఏరి పంపిన పశువులే. ముప్పై ఏళ్లుగా తోలు ఒలుచుకుని, మాంసం గద్దలకి వదిలేసి వచ్చిన మనిషి. ఆ నష్టం ఏ పద్దులోకీ ఎక్కదు. నిద్రలోకి మాత్రం వస్తుంది.

కల్నల్ సామాను బయటపెట్టాడు. పిడిలో థర్మామీటరు దాచిన చేతికర్ర. అగ్గిపెట్టెలో ఇమిడే ఒంటి గుండు పిస్తోలు. ఇంత చిన్న ఈల.

"ఓడ మీద రొసౌరా కలుస్తుంది. నాటకాల్లో పాడుతుందే, ఆవిడ. కోడ్ వర్డ్: 'ఈ ఎండకి ఏం నిలుస్తుంది?' జవాబు: 'మాట ఒక్కటే.' ఆవిడ మన మనిషి. వాళ్ల మనిషి కూడా."

"చివరికి ఎటు మొగ్గుతుంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతానయ్యా?"

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ ఊళ్లో దొంగలు కూడా కునుకు తీస్తారు. ఆ ధీమాతోనే ఓడ కాపలావాళ్లు తాళ్లచుట్టల మీద పడి గురకపెడుతున్నారు. కాదిజ్ వాళ్లదీ కునుకు మానని జాతే. అది మానుకుని ఈ వేళ పనికి దిగాలంటే ఎంత కసి ఉండాలో హసింతో లెక్క వేసుకున్నాడు. వేషం బాస్క్ జాతి పాలవాడిది: నెత్తిన గుండ్రటి టోపీ, ఒంటి మీద పలచటి నూలు చొక్కా, భుజాన పాల క్యాన్లు.

ఓడ నిచ్చెన పైన పట్టు గొడుగు కింద రొసౌరా నిలబడి ఉంది. ఎండే ఆవిణ్ని చూసి పక్కకి తప్పుకున్నట్టుంది.

"ఏం పాలవాడా, ఈ ఎండకి ఏం నిలుస్తుంది?"

"మాట ఒక్కటే, దొరసానీ."

"నీ పాలైతే నిలవవులే. వాసన ఇక్కడికే వస్తోంది." గొడుగు చాటు చేసి గొంతు తగ్గించింది. "ఉప్పు ముఠా పెద్ద డాన్ ఆన్సెల్మో వచ్చేశాడు. మాంసం గదిలో మందుపాతర పెట్టించాడు. వెళ్లి చూడు. త్వరగా."

హసింతో గదిలోకి దూకాడు. లాంతరు వెలుగులో మాంసం తప్ప ఏమీ లేదు. వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

బేరంలో మోసపోయిన క్షణం వర్తకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అతనికి అలాగే తెలిసింది.

ఈల ఊదాడు. రంపపు పొట్టు కూరిన జంట గోడలు ఆ శబ్దాన్ని మింగేశాయి. పిస్తోలు గడియ వైపు గురిపెట్టి నొక్కాడు. టిక్కుమంది, అంతే. గదిలో చెమ్మకి మందు నానిపోయింది. కల్నల్ ఇచ్చిన సామానులో పనికొచ్చేది ఒక్క కర్రే మిగిలింది. దాంతో తన చావు ఎన్ని డిగ్రీల దగ్గరుందో చూసుకోవచ్చు.

పైన తొట్ల మూతలు తెరుచుకున్నాయి. సందులోంచి ఒక బొంగురు గొంతు దిగింది.

"ఏరా పాలవాడా, వినబడుతోందా? నేను ఆన్సెల్మోని. మా తాతలనాటి నుంచీ లోకానికి మాంసం మా ఉప్పుతోనే నిలిచింది. మీరు మంచుతో నిలబెడతారా? ఉప్పు పడితే మంచు నీళ్లైపోతుందని చంటిపిల్లకి కూడా తెలుసు. నా ఉప్పుతోనే మీ మంచు కరిగిస్తా. పొయ్యండ్రా!"

పారలు కదిలాయి. బస్తాలు బోర్లించిన చప్పుడు. కాసేపటికి తూముల్లో నీళ్లు మొదలయ్యాయి. ముందు బొట్లుబొట్లుగా, తర్వాత ధారగా. మంచు ఏట్లో కలిసిపోతోంది. హసింతో గోడకి ఆనుకుని వింటూ కూర్చున్నాడు. చేసేదేమీ లేదు. కొట్టు తగలబడుతుంటే ఎదుటి అరుగు మీద కూర్చుని చూడటం లాంటిది ఇది.

కర్ర పిడి విప్పి చూశాడు. నాలుగు. ఇక ఎక్కుతుంది అనుకున్నాడు. రెండయింది. కర్ర చెడిపోయిందనుకున్నాడు. సున్నా దాటి కిందికి పోయింది.

ఊపిరి పొగలా వచ్చింది. మీసం తెల్లబడింది. మాంసం మీద చెయ్యి వేస్తే రాయి తగిలింది. ఎక్కణ్నుంచి వస్తోందో తెలియని లాభాన్ని చూస్తే వర్తకుడికి నష్టాన్ని చూసినదానికన్నా భయం. పైన మంచు కరుగుతోంది. కింద గది గడ్డకడుతోంది. ఈ లెక్క ఏ బళ్లోనూ చెప్పలేదు. ఒకటి మాత్రం అర్థమైంది: మాంసం బతుకుతోంది, తను చస్తున్నాడు.

క్రైస్తవ సన్యాసి వేషం వేసుకున్నా ఒంటి మీద ఉన్ని ఉండేది. నేల మీది గడ్డి చొక్కాలో కూరుకున్నాడు. గోడలో పిడికెడంత బెండు బిరడా కనబడింది, గాలి మార్చే కన్నం. అది లాగితే రేవంతా వినబడేలా అరవొచ్చు. బయటి ఎండా లోపలికి వస్తుంది, ఆ వెనకే కుళ్లూ వస్తుంది. వేళ్లు బిరడా మీద పెట్టాడు. ముప్పై ఏళ్ల గద్దలు కళ్లముందు తిరిగాయి. వేళ్లు తీసేసి చంకల్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆ వేళ్లు ఉన్నాయో లేదో కూడా తెలియలేదు. రేవులో బ్యాండు మోగడం కలలో విన్నట్టు విన్నాడు.

తలుపు తెరుచుకుంది. వెలుగులో పట్టు గొడుగు.

"ఈ ఎండకి ఏం నిలుస్తుంది, పాలవాడా?"

"మా... మా... మా..." పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"చాల్లే, అర్థమైంది."

ఆవిడ వెనక మంత్రి, కొనుగోలుదార్లు, కల్నల్, పోలీసులు. ఆ గుంపులోనే సెంటు పూసిన చేతిరుమాలు ముక్కుకి సిద్ధంగా పట్టుకుని డాన్ ఆన్సెల్మో. కల్నల్ మాంసాన్ని కర్రతో కొట్టాడు. గంట కొట్టినట్టు మోగింది. ఆన్సెల్మో చేతిలోంచి రుమాలు జారిపోయింది. రొసౌరా విసనకర్రతో అతని బూట్లు చూపించింది. అంచులంతా ఉప్పు మెరుస్తోంది. పోలీసులకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"విశ్వాసఘాతకీ!" అరిచాడు ఆన్సెల్మో.

"ఇద్దరి ఉప్పూ తిన్నాను, డాన్ ఆన్సెల్మో. మీదే కాస్త ఎక్కువైంది."

హసింతోకి దుప్పట్లు కప్పి, చేతికి వేడి మాతే ఆకు టీ ఇచ్చారు. తాగి, మాట కూడగట్టుకున్నాడు. "నన్నెందుకు లోపలేసి గడియ పెట్టావ్?"

"మా నాన్న వాలెన్సియాలో ఐస్‌క్రీం అమ్మేవాడు. ఐస్‌క్రీం గట్టిపడాలంటే చుట్టూ మంచులో ఉప్పు కలపాలి. కరిగే మంచు పక్కనున్న వేడినంతా లాగేసుకుంటుంది. నాలుగు డిగ్రీల్లో నీ మాంసం సాయంత్రానికి చెడిపోయేది. ఉప్పు పొయ్యమని వీడే అంటుంటే నేనెందుకు నోరెత్తాలి? నువ్వు బయట ఉంటే ఆ బస్తాలు విప్పనిచ్చేవాడివా?"

హసింతో నిజాయితీగా ఆలోచించాడు. "కాల్చిపారేసేవాణ్ని."

"అందుకే."

ఈలోగా డెక్ మీద నిప్పులు రాజేసి మొదటి ముక్క కాల్చారు. మంత్రిగారు నములుతుంటే కొనుగోలుదార్లు ఆయన దవడనే చూస్తున్నారు. ఆయన కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, తలాడించాడు.

"అద్భుతం. చిటికెడు ఉప్పు పడితే ఇంకా బాగుండేది."

హసింతో దుప్పట్లోంచి తల బయటికి పెట్టాడు.

"ఓడలో ఉన్నదంతా మంచులో పోసేశారండీ. రేవులో అమ్మేవాడేమో ఇప్పుడే జైలుకెళ్లాడు."