హంస మెడలో ఖాళీ

ఆ రోజు పొద్దున శాంతయ్యకు గ్యాస్ సిలిండరు మీద కోపం వచ్చింది. డెలివరీ మనిషి దాన్ని గడప లోపల దించి వెళ్లగానే ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. దాని మీద స్టెన్సిల్ రేకు పెట్టి కొట్టిన అంకెలున్నాయి. అందులో ఒక ఎనిమిది కింద రంగు కారి, తోకలా వేలాడుతోంది.

"సూడే ప్రసన్నా, ఎనిమిదికి తోక మొలిచినాది," అన్నాడు వంటింటి వైపు తిరిగి. "ఈళ్లకీ దేవుడు చేతులిచ్చినాడు. చెయ్యెత్తి ఒక ఎనిమిది రాయలేరు."

ఆ కోపం సిలిండరు మీద కాదని వంటింట్లో ఉన్న భార్య ప్రసన్నకుమారికి తెలుసు. పది గంటలకు ఆ రేకులు కోసే మనిషే ఇంటికి రాబోతున్నాడు. తల్లిని వెంటబెట్టుకుని, వాళ్ల కూతురు మోహనను తనకిమ్మని అడగడానికి.

శాంతయ్యది శ్రీకాళహస్తిలో మూడు తరాల కలంకారీ ఇల్లు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీత గీస్తే అది ఎవరి గీతో ఊళ్లో వాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఆ గర్వం ఆయనకు నెత్తి నిండా ఉంది. అచ్చు కొట్టేవాళ్లను చూస్తే జాలి, స్క్రీన్ ప్రింటు వాళ్లను చూస్తే నవ్వు వస్తుంది ఆయనకు. స్టెన్సిల్ వాళ్లనైతే ఆయన మనుషుల కిందే జమ కట్టడు. పెళ్లయిన కొత్తలో ప్రసన్నకుమారి తిరునాళ్లలో చిల్లుల ముగ్గు రేకు ఒకటి కొనుక్కొస్తే, శాంతయ్య ఇంట్లో రేకుతో ముగ్గేస్తారా అని దాన్ని తీసి వీధిలోకి విసిరేశాడు. అది పక్కింటి మేక ముందు పడింది. మేకకైనా బుద్ధుంది, మూతి పెట్టలేదు అని ఆ కథ ఇప్పటికీ చెబుతుంటాడు.

అలాంటి మనిషి కూతురికి వడమాలపేట ఢిల్లీబాబు నచ్చాడు. మోహన రేణిగుంట వైపు సర్క్యూట్ బోర్డులు చేసే కంపెనీలో పని చేస్తుంది. ఆ కంపెనీ నేల మీద పసుపు గీతలు, మెషీన్ల మీద నంబర్లు వేయడానికి వచ్చినప్పుడు పరిచయమయ్యాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ డ్రమ్ములు, కరెంటు స్తంభాలు, లారీ తలుపులు, బడి గోడల మీద ఎక్కాలు, అన్నీ అతని రేకుల పనే. ఒక్కసారే వేసే పనులకైతే ఆసుపత్రి పాత సామాన్లలో ఎక్స్‌రే ఫిల్ములు కొని వాటి మీద కోస్తాడని మోహనే ఒకసారి మాటల్లో చెప్పింది. ఆ సంగతి తండ్రికి చెప్పడం ఆమె చేసిన పెద్ద పొరపాటు.

"ఎవడిదో ఊపిరితిత్తి మీద అంకెలు కోసేవాడా నాకు అల్లుడు?" అని అప్పట్నుంచీ రోజుకొకసారి అడుగుతున్నాడాయన.

పదికి సరిగ్గా వాళ్లు వచ్చారు. ఢిల్లీబాబుకు ముప్పై దగ్గర పడి ఉంటుంది, గోళ్ల కింద ఎంత కడిగినా పోని నల్లరంగు. తల్లి మునిరత్నమ్మ చేతిలో పళ్ల సంచి ఉంది. గడప దాటుతూనే శాంతయ్యను "బాగుండావా అన్నా," అని, ప్రసన్నకుమారిని "వదినా" అని పలకరించింది. వరస కలపడానికే ఆమె ఆ పిలుపు ఎంచుకుంది. శాంతయ్య ఆ వరసను అందుకోలేదు. తల ఊపి, పళ్ల సంచి పెట్టమని కళ్లతోనే ఒక మూల చూపించాడు.

హాల్లో సగం మేర పొడుగాటి బల్ల, దాని మీద ఆయన వేస్తున్న గుడ్డ పరిచి ఉంది. మధ్యలో దశావతారాలు, చుట్టూ అంచు నిండా హంసల వరస. ఒక పక్కన నాలుగు హంసలు పట్టేంత చోటు మాత్రం ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లను ఆయన కావాలనే దాని ఎదురుగా కూర్చోబెట్టాడు.

మొదట మర్యాదగానే అడిగాడు, ఏం పని చేస్తావని. ఢిల్లీబాబు చెప్పబోతే మధ్యలోనే అందుకుని, రేకు అడ్డం పెట్టుకుని బ్రష్షు పొడవడం పనెట్లయిందని అడిగాడు. అది తాపీవాడు సున్నం కొట్టినట్టే కదా అన్నాడు. ఢిల్లీబాబు తల వంచుకుని, బ్రష్షులో రంగు ఎక్కువైతే రేకు కిందికి పాకి కారుతుందని, దాదాపు ఎండిపోయిన బ్రష్షుతో నిలువుగా పొడవాలని నెమ్మదిగా వివరించాడు. శాంతయ్య పకపకా నవ్వాడు. ఎండిన బ్రష్షుతో పొడిచే విద్య నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందని అడిగాడు.

మోహన గోడకానుకుని నిలబడి అంతా వింటోంది. ఆమె ఇక ఊరుకోలేకపోయింది.

"నాయనా, నేను పని చేసేది గూడా రేకుతోనే," అంది. "వెంట్రుకంత మందం స్టీలు రేకు, దాంట్లో వేల చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లోంచే బోర్డు మీదికి టంకం ముద్ద దిగేది. అది లేకపోతే నువ్వు పొద్దుగూకులూ సూసే ఆ ఫోనే లేదు."

"అందుకేనేమో ఆ ఫోన్లో మంచి మాట ఒకటీ రాదు," అన్నాడు తండ్రి.

ఆ మాటకు ఆయనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఢిల్లీబాబు మాత్రం ఆ మాటలేవీ పట్టనట్టు బల్ల మీది గుడ్డనే చూస్తున్నాడు. అంచు వెంబడి అతని చూపు ఒక హంస నుంచి ఇంకో హంసకు నడుస్తోంది. ప్రతి హంసకూ మెడ వంపు తిరిగి వీపును తాకే చోట, గోరంత మేర గీత తెగి ఉంది. అతను వేలు చాచబోయి ఆగాడు. తలెత్తి వంటింటి గుమ్మంలో నిలబడిన ప్రసన్నకుమారి వైపు చూశాడు. ఆమె ముఖంలో రంగు తగ్గింది. అతను వేలు వెనక్కి తీసుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

శాంతయ్యకు అతని చూపు మాత్రమే కనబడింది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఆ ఖాళీ గురించి చెప్పడమంటే ఆయనకు విందుభోజనంతో సమానం. మెడలో ఆ తెగిన చోటు హంస ఊపిరి పీల్చుకునే చోటనీ, బొమ్మకు ప్రాణం అక్కడే ఉంటుందనీ, శాలువా కప్పిన సభలో ఈ మాట చెబితే జనం చప్పట్లు కొట్టారనీ చెప్పుకొచ్చాడు. దాన్ని బట్టే ఇది శాంతయ్య హంస అని గుర్తుపడతారన్నాడు. ఒక హంసకూ ఇంకో హంసకూ పిసరంత తేడా లేకుండా వేల హంసలు చేత్తో వేయడం ఏమిటో, రేకు పట్టుకునేవాడికి ఏడు జన్మలకూ అర్థం కాదన్నాడు.

"తప్పుంటే చెప్పప్పా. అంతసేపట్నించీ సూస్తా ఉండావు కదా," అని రెచ్చగొట్టాడు.

"తప్పేం లేదు పెద్దాయనా. శానా బాగుండాది," అన్నాడు ఢిల్లీబాబు.

"బాగుండాదని చెప్పడానికి నువ్వెవుడు?"

మునిరత్నమ్మ లేచి నిలబడింది. ఆమె పదిహేనేళ్లు గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ముల దగ్గర నిలబడి కొడుకును పెంచిన మనిషి. తన మీద ఎన్ని మాటలు పడినా ఓర్చుకునేది గానీ, కొడుకు తల అలా వంగి ఉండడం చూడలేకపోయింది. "పోదాం పా నాయనా. ఈడ మనకు చోటు లేదు," అంది. మోహన ఏడుపు ఆపుకుంటూ చెప్పులేసుకోబోయింది. వాళ్లతోపాటే వెళ్లిపోతుందని శాంతయ్యకు అర్థమైంది. అయినా నోరు ఆగలేదు.

"పోతే పో. ఒక్కటి చెబుతాను, ఇను. రేకు ఆనిచ్చిన గుడ్డ నా గడప తొక్కితే, అది దేవుడి గుడ్డయినా సరే, అగ్గి పెట్టేస్తాను."

అప్పుడు ప్రసన్నకుమారి వంటింట్లోంచి లోపలి గదిలోకి వెళ్లింది. బియ్యం డబ్బా కదిలిన చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో పాత చీరముక్కలో చుట్టిన పలక లాంటిదేదో, ఇంకో చేతిలో అగ్గిపెట్టె ఉన్నాయి. రెండూ తెచ్చి బల్ల మీద, దశావతారాల పక్కన పెట్టింది.

"పెట్టు," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆమే మూట విప్పింది. లోపల నల్లటి ఫిల్ము మీద బ్లేడుతో కోసిన రెండు హంసలున్నాయి. మెడ దగ్గర కోయకుండా వదిలిన చిన్న ముక్క విరిగి, టేపుతో అతికించి, మళ్లీ విరిగి, మళ్లీ అతికించినట్టుంది. పక్కనే పలచటి గుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూట.

ఆమె నిదానంగా చెప్పింది. పన్నెండేళ్ల కిందట స్వర్ణముఖిలో గుడ్డలు ఉతికే బండ మీద జారిపడి ఆయన మణికట్టు విరిగింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది, బొమ్మల ముఖాలు మునుపట్లాగే దిగాయి, కానీ ఒకే కొలతతో వరసగా వేయాలంటే మణికట్టు తిరగలేదు. కట్టు విప్పాక ఆయన వేసిన మొదటి అంచులో ఐదో హంస బలిసింది, ఆరోది చిక్కింది, పదోది కిందికి జారింది. ఆ రాత్రి ఆయన ముద్ద తినలేదు. కలం కాలవలో పారేస్తానన్నాడు. మర్నాడు ఆమె, అంచు బొగ్గుతో నేను గీసి పెడతాను, నువ్వు కలం నడిపించు అంది. అంచు పని ఎలాగూ కూలిపని అని ఆయన ఒప్పుకున్నాడు.

"నాకేం చెయ్యి తిరుగుతాదని? నువ్వు ఇసిరేసిన ముగ్గు రేకు గుర్తుకొచ్చినాది. నీ పాత మంచి అంచు మీద ఈ ఫిల్ము పెట్టి, దీపం ముందర పట్టుకుని కోసినాను. మెడ మొత్తం కోస్తే లోపలి ముక్క ఊడి పడిపోతా ఉంటే, ఆడ గోరంత ఇడిచిపెట్టినాను. దాన్ని నువ్వు ఊపిరన్నావు."

శాంతయ్య ఆ ఫిల్మును అందుకుని, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. వెలుతురులో నలుపు పలచబడింది. రెండు హంసల చుట్టూ ఒక చేతి ఎముకలు తెల్లగా కనబడ్డాయి. మణికట్టు దగ్గర అడ్డంగా చీలిక ఉంది. మూలలో, పుత్తూరుకు పోకముందు ఎక్స్‌రే తీసిన ఆసుపత్రి వాళ్లు వేసిన అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. శాంతయ్య, మగ, నలభై తొమ్మిది.

ఎవడిదో ఊపిరితిత్తి మీద కోసేవాడని ఇన్నాళ్లూ ఎగతాళి చేశాడు. పన్నెండేళ్లుగా ఆయన పరువు నిలబెట్టింది ఆయన విరిగిన చేతి మీదే కోసిన రేకు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. శాలువా కప్పుకున్న రోజు ఈమె వెనక వరసలో కూర్చుని ఊపిరి గురించిన ఆ ఉపన్యాసమంతా వింది. ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్పుంటే కలం ముట్టుకునేవాడివా? ఇంట్లో కలం ఆగిపోతే నువ్వు బతుకుతావా?"

ఆయన ఢిల్లీబాబు వైపు తిరిగాడు. "నీకు తెలిసిపోయింది కదా?"

"కూర్చోంగానే తెలిసింది పెద్దాయనా. అన్ని మెడలూ ఒకే చోట తెగినాయంటే అది రేకే."

"నేను ఇన్ని మాటలంటా ఉంటే ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

"ఈ అమ్మ దాచిపెట్టుకున్నారు. దాన్ని బయట పెట్టడానికి నేనెవుర్ని?" అన్నాడతను.

కొద్దిసేపటి కిందట ఇదే గదిలో, నువ్వెవుడు అని అడిగింది తనేనని శాంతయ్యకు గుర్తొచ్చింది. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారి గుడ్డ మీద పడబోతే, ప్రసన్నకుమారి అలవాటుగా గుడ్డను పక్కకు లాగింది. మనిషి ఏడుస్తున్నా ముందు గుడ్డను కాపాడే ఇల్లు అది. ఆయన ఏడుస్తూనే నవ్వాడు. మోహన చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

ఆయన అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు. ఫిల్మును భార్య చేతికిచ్చి, అంచులో మిగిలిన ఖాళీ చోటు చూపించాడు.

"ఈ నాలుగూ నా కండ్ల ముందర ఎయ్యి. పన్నెండేండ్లలో నువ్వు పని చేస్తా ఉంటే నేను ఒక్కసారీ సూడలేదు."

ఆమె మొదట మొహమాటపడింది. తర్వాత కొంగు బిగించి, ఫిల్మును అంచు మీద ఆనించింది. అతికించిన టేపు మళ్లీ లేస్తోంది. ఢిల్లీబాబు అడక్కుండానే వచ్చి, ఫిల్ము కదలకుండా రెండు మూలలూ వేళ్లతో అదిమిపట్టాడు. ఆమె బొగ్గుమూటతో మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. శాంతయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

గుమ్మం దగ్గర మునిరత్నమ్మ, వెళ్లాలో ఉండాలో తెలియక, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని నిలబడి ఉంది. శాంతయ్య గుడ్డ మీద నుంచి చూపు తిప్పకుండానే ఆమెకు వినబడేలా అన్నాడు.

"లోపలికి రా చెల్లెలా. రేకు ఎత్తినాక అందరం కాఫీ తాగుదాము."