బొటనవేలు పడిన కాజూ కత్లీ

భిలాయిలోని ఆ మిఠాయి ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే శ్యామసుందర్‌ని వాసవి పిలిచిన మొదటి పిలుపు “భయ్యా”. బూట్లు బయట విప్పి రమ్మంది. ఇంత చక్కటి అమ్మాయి నోట ఆ మాట వినడానికా విశాఖపట్నంలో రైలెక్కింది అని అతని ప్రాణం ఉసూరుమంది.

అతను తెచ్చింది కాజూ కత్లీ కోసే యంత్రం. జీడిపప్పు ముద్దను పరిచిన పలకలో పగుళ్లు, గుంటలు ఎక్కడున్నాయో దాని కెమెరా చూసి, వాటిని తప్పిస్తూ ఎక్కువ ముక్కలు వచ్చేలా కత్తిని నడుపుతుంది. మిగిలిన తునకలు తరుగు. ఆ తరుగు ఫ్యాక్టరీ యజమాని సేఠ్ చెప్పిన హద్దులోకి దిగిన రోజున శ్యామసుందర్ పని ముగిసినట్టే, పక్కనున్న దుర్గ్‌లో తిరుగు రైలెక్కాలి.

చిక్కల్లా తునకలతోనే వచ్చింది. టీ వేళ వాటిని రుచి చూడడం క్వాలిటీ ఇన్‌చార్జి వాసవి హక్కు. ఆమె అక్కడి భిలాయి-3 అనే పేటలో పుట్టిపెరిగిన తెలుగమ్మాయేనని తెలిశాక అతనూ వాటా అడిగాడు. వాటాతోపాటు వెక్కిరింతలూ దక్కాయి. కానీ యంత్రానికి తెలివి వస్తున్నకొద్దీ తునకలు తగ్గాయి, టీ కబుర్లూ తగ్గాయి. తన పనితనమే తన కొంప ముంచుతోందని తెలిసినా, చేతులారా యంత్రాన్ని చెడగొట్టడానికి అతనికి మనసొప్పలేదు.

ఆఖరి పరీక్షకు సేఠ్ పక్కనే నిలబడ్డాడు. మొదటి పలక నడిమధ్య గుంట. రెండోదానిలోనూ గుంటే. తరుగు హద్దు దాటింది. సేఠ్ మొహం మాడ్చుకుని, ఇంకో వారం ఉండి సరిచెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

మూడో పలక కత్తి కింద ఆగి ఉంది. శ్యామసుందర్ దాని గుంటను తెర మీద పెద్దది చేసి చూశాడు. అచ్చం బొటనవేలే. వాసవి తనిఖీ చెయ్యనిదే పలక ఇక్కడిదాకా రాదు. తిరిగి చూస్తే ఆమె గోడ గడియారం వంక చూస్తోంది. చేతి తొడుగు బొటనవేలికి జీడిపప్పు ముద్ద అంటుకుని ఉంది.

“ఇది మీ వేలే కదండీ?”

“అయితే ఏటి? ఇంకో వారం ఉండిపోడానికి అంత కష్టమేటి మీకు?”

శ్యామసుందర్ సంతోషంగా యంత్రం వైపు తిరిగాడు. కత్తిని మొదటిసారి గుంట తప్పించకుండా, దాని చుట్టూ నిండు ముక్క వచ్చేలా నడిపాడు. ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

“వారం చాలదు వాసవిగారూ. మీరంటే నాకు ఇష్టం. ఇంకెప్పుడూ భయ్యా అనకండి.”

వాసవి సిగ్గుపడింది గానీ, ముక్కలో సగం విరిచి నోట్లో వేసుకోవడం మరిచిపోలేదు.

“మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో ప్లేట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. చిన్న గీత కనిపించినా ప్లేటంతా వెనక్కి పంపేసేవోరు. ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు ఆ జుత్తు కాస్త దువ్వుకుని రండి.”