పద్దెనిమిదేళ్ల నవ్వు

బెల్టు మూడోసారి వీపు మీద పడింది. హైమ నవ్వుతూనే ఉంది.

"ఇంకాస్త నవ్వు," అంటూ సూర్యచంద్రం కూతురి గడ్డం పట్టుకుని గోడ మీది ఇంటికన్ను వైపు తిప్పాడు. "చుట్టాలంతా వచ్చే రోజు ఆ మొహం ఏంటే?"

ఆమె చేసిన తప్పల్లా ఒక్క మాట అడగడం. రేపు విశాఖలో శిక్షణకు వెళ్లాలి. తొమ్మిదేళ్ల చెల్లెలు బుజ్జమ్మను పెద్దాపురంలో దొడ్డమ్మ దగ్గర ఉంచుతానంది. తను వెళ్లిపోతే ఆ బెల్టుకు దొరికేది ఆ పిల్లే.

సామర్లకోటలో ఇంటికన్ను లేని ఇల్లు లేదు. బిడ్డ పుట్టిన రోజే సర్కారు మనుషులొచ్చి గోడకు బిగించి పోతారు. అది అన్నీ చూస్తుంది గానీ, పట్టించుకునేది పిల్లల మొహాన్ని మాత్రమే. పెద్దల పనుల్లో యంత్రం వేలు పెట్టకూడదని చట్టం చేసిన మహానుభావులు పెద్దవాళ్లే కదా మరి. చంటిపిల్లల ఏడుపు లెక్కలోకి రాదు గానీ, కాస్త ఎదిగిన పిల్ల ఏడిస్తే అరగంటలో పిల్లల బాగోగులు చూసే సంరక్షిక గుమ్మంలో ఉంటుంది. ఏడుపులు ఎక్కువైతే పిల్లను బంధువుల ఇంటికి మార్చేస్తారు. ఏడుపే లేని ఇంటినుంచి మాత్రం, దేవుడు దిగొచ్చినా మార్చరు.

హైమకు ఆరేళ్లప్పుడు సంరక్షిక ఒక్కసారి వచ్చింది. ఆమె అటు వెళ్లగానే సూర్యచంద్రం తలుపు గడియ పెట్టి, పిల్ల నవ్వేదాకా కొట్టాడు. అప్పటినుంచి ఏడిస్తే దెబ్బలు రెట్టింపు, నవ్వితే సగం. తర్వాత పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఒక్క ఏడుపు నమోదు కాలేదు. పిల్లల్ని పెంచడం సూర్యచంద్రాన్ని చూసి నేర్చుకోమని వీధిలో చెప్పుకునేవారు. వింటే ఒళ్లు మండుతుంది.

వంటింట్లో తల్లి వీరవేణి పులిహోర కలుపుతోంది. హైమ తన మెడ మీది వాత కనపడకుండా పైట సర్దుకుంది.

"అమ్మా, బుజ్జిని దొడ్డమ్మతో పంపవే."

"ఈ ఇంట్లో నా మాట ఎప్పుడు చెల్లిందే, ఇప్పుడు చెల్లడానికి?" వీరవేణి తలెత్తలేదు.

పదకొండింటికి హాలు నిండింది. హైమకు పద్దెనిమిది నిండాయి కనుక ఆ రోజు ఆమె ఎదుగుచిత్రం వేస్తారు. కూర్పరి అనే యంత్రం, కన్ను చూసిన పద్దెనిమిదేళ్లనూ వడగట్టి, పిల్ల బాగా నవ్విన ఘట్టాలన్నీ ఏరి గంట సినిమాగా కూరుస్తుంది. దిష్టి తగులుతుందని దాన్ని ముందుగా ఎవరూ చూడరు. నవ్వులే ఏరుతుందన్న ధీమాతో సూర్యచంద్రం పట్టు లాల్చీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఇన్నేళ్లూ కన్ను నోరు మెదపలేదు కాబట్టి, తను ఏమీ చేయలేదనే అతనికి నమ్మకం కుదిరిపోయింది.

మొదట అన్నప్రాశన వచ్చింది. బోసినోటి పాపను చూసి అందరూ మురిసిపోయారు.

తర్వాత ఆరేళ్ల హైమ. తలుపు గడియ పడి ఉంది. వెనక వీణ మోగుతుండగా పాప మొహం మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది. పైన బెల్టు లేచింది.

"ఇదేంటిది, నాటకమా?" అని ఎవరో అడిగారు.

ఏడేళ్లప్పుడు, బడి గౌనులో, బెల్టు. పదేళ్లప్పుడు కాల్చిన అట్లకాడ అరచేతిలో, పళ్లన్నీ కనపడే నవ్వు. పదమూడేళ్లప్పుడు తల గోడకు కొట్టుకుంటోంది, నవ్వు చెక్కుచెదరలేదు. చెల్లెలితో నీళ్లు చల్లుకుని నవ్విన నవ్వులు కూర్పరికి చాలా చిన్నవిగా తోచాయి. ఆ ఇంట్లో పెద్ద నవ్వులన్నీ దెబ్బల కిందే ఉన్నాయి, అది వాటినే ఏరింది.

దొడ్డమ్మ మంగాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"యంత్రం పాడైంది, ఆపండి," అంటూ లేచాడు సూర్యచంద్రం. ఎవరూ కదల్లేదు. అతని కళ్లు హైమ మీద పడ్డాయి. "నువ్వే చేశావే ఇదంతా," అని జుట్టు పట్టి కిందికి లాగి, డొక్కలో తన్నాడు. అంతమంది ముందు మళ్లీ తన్నాడు.

వీరవేణి వంటింట్లోంచి వచ్చింది. ఆమె చేతిలో పులిహోర కలిపిన ఇత్తడి గరిటె ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి మొగుడి నెత్తిన కొట్టింది. అతను మోకాళ్ల మీద కూలాడు. మళ్లీ కొట్టింది. చెవి చీలి పట్టు లాల్చీ ఎర్రబడింది. మంగాయమ్మ వచ్చి తన చెల్లెలు వీరవేణి నడుం పట్టి ఆపేసరికి గరిటె కాడ వంగిపోయింది. తెర మీద వీణ మోగుతూనే ఉంది.

"పిల్లలిద్దర్నీ నేను తీసుకుపోతున్నా," అంది మంగాయమ్మ ఆయాసపడుతూ. "కన్నుకు లెక్క కావాలంటే ఈ సినిమా చూసుకోమను."

హైమ పక్కటెముకలు పట్టుకుని లేచింది. ఇన్నాళ్లూ కోరుకున్నది జరిగింది. చెల్లెలి కోసం చూసింది. బుజ్జమ్మ గోడకు ఆనుకుని, కన్ను వైపు మొహం తిప్పి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

మంగాయమ్మ ఆ పిల్ల ముందు కూలబడింది. "అయిపోయిందమ్మా. మా ఇంటికెళ్దాం. ఏడుపొస్తే ఏడు, ఎవరూ ఏమీ అనరు."

బుజ్జమ్మ పెదాలు కదపకుండానే అడిగింది. "ఆపేయొచ్చా అక్కా?"

"ఆపేయ్ బుజ్జీ," అంది హైమ.

బుజ్జమ్మ అక్క మొహం కేసి చూసింది. అక్క ఇంకా నవ్వుతోంది. అందుకని తనూ ఆపలేదు.