నీటిని బంధించినవాడు

అది సూర్యుడు అస్తమించీ అస్తమించని అశుభ వేళ... అక్టోబరు ఆకాశాన్ని కారుమబ్బులు కమ్మేశాయి. ఉత్తర విస్కాన్సిన్‌లోని ఆ పొలం అంచున ఆకులు రాల్చిన టామరాక్ చెట్లు అస్థిపంజరాల్లా నిలబడి ఉన్నాయి. ఎక్కడో ఉరుము... ఆ వెంటనే గుడ్లగూబ భీకర ఘూత్కారం!

ఆర్డిస్ లిండాల్ జమ్ము పొదల మధ్య మోకరిల్లి, మట్టి తోడే ఇనుప గొట్టాన్ని నేలలోకి దించుతోంది. చిత్తడి నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చి, హద్దు వెంట గులాబీ రంగు జెండాలు పాతి, పటం గీయడం ఆమె వృత్తి. పొలం యజమాని వర్జిల్ హాస్కిన్స్ ఇక్కడ ఇళ్లు కట్టి అమ్మాలనుకున్నాడు. చిత్తడిలో ఇళ్లకు అనుమతి రాదు కనుక, ముందు హద్దు తేలాలి.

పైన నేల ఎండి బీటలు వారింది. వేసవంతా కుండపోత వానలు కురిసినా ఇక్కడ చుక్క నీరు లేదు! కానీ గొట్టంలో వచ్చిన మట్టి బూడిద రంగులో ఉంది. దాని నిండా తుప్పు చారలు. ఏళ్ల తరబడి నీళ్లలో నానితేనే మట్టికి ఆ రంగు వస్తుంది. మరి ఆ నీరంతా ఏమైనట్టు...?

మధ్యాహ్నం ఆ మాటే అడిగితే వర్జిల్ నవ్వాడు.

"నీళ్లు కనిపిస్తున్నాయా? లేవుగా. లేవని రాసేసి పో అమ్మాయ్."

"మేం చూసేది మట్టిని కూడా, హాస్కిన్స్ గారూ. ఈ ఏడు నీళ్లు లేకపోతే చిత్తడి కాకుండా పోదు."

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు ఇంటి వైపు నుంచి ఒక ఆర్తనాదం... గుండెలు అవిసిపోయేలా! వర్జిల్ భార్య నోలా చెప్పుల్లేని కాళ్లతో తూలుతూ వస్తోంది. కడుపు కుండలా ఉబ్బి ఉంది. జుట్టు నుంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. పెదవుల సందుల్లోంచి పాచి, బురద నీరు! ఆమె గొంతులో వేయి కప్పలు ఒక్కసారిగా బెకబెకలాడాయి. ఆర్డిస్ వెనక్కి జరిగింది. పారిపోదామనుకుంది. కానీ నోలా ఆమె చెయ్యి పట్టుకుని, అతి కష్టం మీద తన సొంత గొంతుతో మాట్లాడింది.

"మామగారు బతికినన్నాళ్లూ ఈ చిత్తడి జోలికి పోవద్దనేవారు. మా ఆయన మామగారి సమాధి తవ్వి, పుర్రె తెచ్చి, నువ్వు కూర్చున్న చోటే పాతాడు. నీళ్లన్నీ నాలోకి దించాడు. తీసెయ్యి తల్లీ."

"తీస్తే నీకేమవుతుంది?"

"పోతాను. రోజూ మునిగి చస్తూనే ఉన్నాగా, ఒక్కసారే పోనీ. నన్ను మాత్రం పొడి నేలలో పెట్టించు."

ఆమెను కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆర్డిస్ లేవబోయింది. అప్పటికే జమ్ము పొదలు చీల్చుకుని వర్జిల్ వచ్చాడు! నుదుట నల్లకోడి రక్తం... కళ్లలో చితాగ్ని జ్వాలలు...

"ఒక కడవ నిండిపోయింది. రెండో కడవ కోసం చూస్తున్నా. నువ్వే నడిచొచ్చావు," అన్నాడు తాపీగా.

అతని పెదవులు మంత్రోచ్ఛారణతో కదిలాయి. ఆర్డిస్ ఊపిరితిత్తుల్లోకి మంచులాంటి నీరు జొరబడింది! కళ్లు చీకట్లు కమ్ముతుండగా, ఉన్న బలమంతా కూడదీసుకుని గొట్టాన్ని కిందికి పొడిచింది. ఏదో గట్టిగా తగిలింది. రెండు చేతులతో గోకి, పెరికి లాగింది... పుర్రె!

భూమి గర్జించింది. బీటల్లోంచి నల్లని జలం విషసర్పాల్లా బుసలు కొడుతూ లేచింది. వర్జిల్ మంత్రం తిరగేసి చదివాడు. మంత్రాలు పుట్టక ముందే పుట్టిన ఆ ఆదిమ పంకిలం ఏ మంత్రానికి లొంగుతుంది...? బురద అతని మోకాళ్లు పట్టింది... నడుము పట్టింది... కంఠం పట్టింది! చివరికి అతడు పిలిచింది భార్యనే. నీరు ఆ పిలుపును సగంలోనే మింగేసింది.

ఆర్డిస్ వెనక్కి తిరిగేసరికి నోలా ఎండుటాకులా పడి ఉంది. ఒంట్లో ఒక్క చుక్క నీరు లేదు, ప్రాణమూ లేదు.

నోలా చివరి కోరిక తీర్చాలనుకుంది ఆర్డిస్. ఊళ్లోకెల్లా ఎత్తైన గుట్ట మీది శ్మశానం ఎంచి, స్వయంగా మట్టి తోడి చూసింది. ఎంత లోతుకు దించినా పొడి పసుపు ఇసుకే వచ్చింది.

ఖననం నాటి ఉదయం గోతులు తవ్వే ముసలివాడు ఆమెను పక్కకు పిలిచాడు. గోతి అడుగున గోధుమరంగు నీరు ఊరుతోంది. గోడ మట్టిని గిల్లి చూస్తే... నిన్నటి పసుపు ఇసుక బూడిద రంగుకు తిరిగింది!

మోటారు పెట్టి తోడించారు. తోడినకొద్దీ ఊరింది.

"ఇంకో రెండు చోట్ల కూడా తవ్వి చూశానమ్మా, అక్కడా ఇంతే," అన్నాడు ముసలివాడు.

పాదిరి ప్రార్థన ముగించాడు. శవపేటిక దించితే మునగలేదు, తేలింది. నలుగురు మనుషులు గడకర్రలు తెచ్చి దాన్ని కిందికి అదిమారు. అది మళ్లీ పైకి లేచింది. అయిదో కర్ర ఆర్డిస్ అందుకుంది.