సింత మలుపు దాటని బస్సు

రండమ్మా, దగ్గరగా రండి. ఆ వెనకున్నవాళ్ళు కూడా కాస్త జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే కథ కాదిది. మజ్జిగౌరి తల్లిని ఓసారి మనసులో తలుచుకోండి... తలుచుకున్నారా? ఇక వినండి.

రాయగడ స్టేషన్ రోడ్డులో త్రినాథరావు గారి కంప్యూటర్ల కొట్టు ఉండేది. రెండువేల ఆరో సంవత్సరం మాట. కుర్రాళ్ళు గేములాడుకునే కొట్టు, ఆరు సిస్టములు. మిగతా అయిదింటి దగ్గర తోసుకు చచ్చేవారు. నాలుగో నంబరు దగ్గరకి మాత్రం పొద్దు వాలితే ఈగ కూడా వాలేది కాదు.

ఎందుకూ అంటే — అందులో మల్లేశు ఉన్నాడని.

మల్లేశు బంధుగాం బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి ఆ నాలుగో నంబరు ముందు కూర్చుని, బస్సు నడిపే గేమొకటి పట్టుకుని దానికి మార్పులు చేసేడు. మోడ్ అంటారే, అది. పరదేశం రోడ్లు పీకేసి మన ఘాట్ రోడ్డు పెట్టేడు. మన కొండలు, మన వాన. స్టాపు స్టాపుకీ తన గొంతే రికార్డు చేసి ఎక్కించేడు. అంతలోనే మెదడుకెక్కిన మలేరియా మూడురోజుల్లో మనిషిని పట్టుకుపోయింది.

ఆ మర్నాటి నుంచీ...

బస్సు రాయగడలో బాగానే బయల్దేరుతుంది. ఘాట్ ఎక్కుతుంది. మొట్టమొదటి స్టాపు, చింతచెట్టు మలుపు దగ్గరకి వచ్చేసరికి — టప్! స్క్రీన్ నల్లబడిపోతుంది. గేము చచ్చిపోతుంది. ఎవరాడినా అక్కడే. ప్రతిసారీ అక్కడే.

"ఆడు దాటనివ్వడ్రా," అని గుసగుసలు.

మల్లేశుకి ఈ విద్య నేర్పినవాడు కృష్ణచైతన్య. విశాఖలో చదివొచ్చినవాడు, ఆ కొట్లో రిపేర్లన్నీ అతనివే. నేర్పుతూ నేర్పుతూ వేధించేవాడు కూడా. "సింత కాదురా, చింత! నోరు తిరగదా నీకు?" మల్లేశు నవ్వేసేవాడు. "మాయమ్మ సింతే అంటాది కిట్టన్నా."

నెలమాసికం అయిన మర్నాడు ఆ అమ్మే వచ్చింది. అప్పలకొండమ్మ. కొట్టు గుమ్మంలో నిలబడింది.

"మావోడి గొంతు ఇందల ఉందంట గదా బాబూ. ఒక్కపాలి ఇనిపించండి. ఫొటో ఉంది గానీ... గొంతు లేదు నాకాడ."

త్రినాథరావు గారు కసిరేడు. "నా కొట్టు దెయ్యాల కొట్టయిపోయిందమ్మా! రేపు పొద్దున్నే ఆ సిస్టమ్ మొత్తం తుడిపించేస్తన్నాను. ఎళ్ళు, ఎళ్ళు."

ఆమె వెళ్ళలేదు. అరుగు మీద కూలబడిపోయింది.

"ఈ రాత్రికి నాకొదిలేయండి సార్," అన్నాడు కృష్ణచైతన్య.

"ఉంటే ఉండు. నీకేటన్నా అయితే నన్నడక్కు!" అని తాళాలు పడేసి, వెనక్కి చూడకుండా పోయేడాయన.

కృష్ణచైతన్య అర షట్టరు దించేడు. లోపల ఒక్క ట్యూబులైటు. నాలుగో నంబరు ఫ్యాను కిర్రు... కిర్రు...

ఇలాంటి రోగానికి మొదటి ప్రశ్న ఒకటే: బాగా నడిచిన రోజుకీ ఈరోజుకీ మధ్య ఏం మార్చేం? ఆలోచించేడు. ఏమీ మార్చలేదు. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలడు.

వాన తీసేసి నడిపేడు. మలుపు — టప్! చెట్లు తీసేసేడు. టప్! బస్సే మార్చేసేడు. టప్! తీసినవన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసేడు.

చచ్చేముందు గేము ఒక చీటీ రాసి పెడుతుంది, దేనివల్ల ఆగిపోయిందో. తెరిచి చూసేడు. అందులో ఒక్కటే ముక్క —

గొంతు దొరకలేదు.

గొంతుల ఫోల్డరు వెతికేడు. ఉంది! చింత అని, ఇంగ్లీషు అక్షరాల్లో, చక్కగా, కళ్ళముందే ఉంది. గేములో తప్ప విడిగా పలకని రకం ఫైలది. ఉంది కదా, మరి దొరకలేదంటుందేమిటి? ఎవరికి దొరకడం లేదు?

మళ్ళీ నడిపేడు. ఘాట్... మలుపు... స్క్రీన్ నల్లబడింది.

ఆ నల్లటి అద్దంలో, అతని భుజం వెనక — ఒక మొహం.

తల తిప్పేడు... అప్పలకొండమ్మ. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది.

"బాబూ," అంది మెల్లగా. "సింత మలుపు వొచ్చీసిందేటి?"

"సింత కాదమ్మా, చిం —"

మాట సగంలో తెగిపోయింది.

గుర్తొచ్చింది. నెల కిందట ఓ రాత్రి మల్లేశు కొట్టుకి రాలేదు. రేపొచ్చి చూసుకుంటాడులే అని వేళాకోళానికి, తానే ఆ ఫైలు పేరులో ఎస్ చెరిపి సి, హెచ్ కొట్టేడు. అక్కడ ఆసుపత్రిలో మల్లేశుకి అదే ఆఖరి రాత్రి. గేము మాత్రం మల్లేశు రాసిన పేరుతోనే, సింతా సింతా అని, నెల్లాళ్ళుగా వెతుక్కుంటోంది!

ఏం మార్చేవంటే ఏమీ మార్చలేదన్నాడు కదా. అవును... మార్చలేదు. దిద్దేడు. దిద్దడం కూడా మార్చడమేనని అతని బుర్రకి తట్టనేలేదు.

ఉన్నదున్నట్టు చెప్పేసేడు, తల దించుకుని.

ఆమె తిట్టలేదు. "బతికున్నన్నాళ్ళూ దిద్దినావు," అంది. "సచ్చినాక కూడా దిద్దినావా బాబూ?"

సి, హెచ్ చెరిపేడు. ఎస్ కొట్టేడు. బస్సు కదిలింది. ఘాట్ ఎక్కింది. మలుపు వచ్చింది...

స్క్రీన్ నల్లబడలేదు. వాన కురుస్తోంది. చింతచెట్టు కింద బస్సు ఆగింది. నాలుగో నంబరు స్పీకర్లోంచి, బతికున్న మనిషి గొంతు —

"సింత మలుపూ! సింత మలుపు! అమ్మ ఎక్కుతాంది... కిట్టన్నా, ఏటలా కూకున్నావు? లేసి సోటియ్యి!"

ఎప్పుడు రికార్డు చేసేడో! గేము ఆడి చూసేది ఆ కిట్టన్నే కాబట్టి, వేళాకోళానికి వేళాకోళమే అయ్యుంటుంది. అంతే అయ్యుంటుంది, మనమూ అలాగే అనుకుందాం. కానీ ఆ క్షణాన, అంత రాత్రివేళ, ఆ తల్లి నిలబడే ఉంది. అతను కూర్చునే ఉన్నాడు.

కృష్ణచైతన్య లేచేడు. ఆమె కూర్చుంది. తెల్లారేదాకా ఆ బస్సు సింత మలుపు దగ్గర ఆగుతూనే ఉంది.

తల్లుల్లారా, అయ్యల్లారా, కథంతా మరిచిపోయినా ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. పెద్దావిడ నిలబడి ఉంటే అతను లేచేడు. మీరూ లేవండి, రేపే, బస్సులోనే. దాన్ని చోటంటారో, సోటంటారో మీ ఇష్టం.

ఇవ్వండి.