మోటారు వేడెక్కే దాకా

తమ్ముడు చనిపోయిన రోజునే అతని గదిలోంచి, కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్ కూడా మాయమైంది. ఒక్కో పలకా కోసి, ఒక్కో రంధ్రం వేసి, అతను ఇంట్లోనే సొంతంగా కట్టుకున్న యంత్రం. బల్ల మీద దాని కాళ్ల గుర్తులు మిగిలాయి. బల్ల కింద తమ్ముడు. గుండెలో ఒకే బుల్లెట్.

సీక్రెట్ సర్వీసులో అందరూ ఫిట్టర్ అని పిలిచే అన్న, తన చేత్తోనే ఆ కళ్లు మూశాడు. ఏడవలేదు. ఆ పని తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు.

"చంపింది కల్నల్," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ గది తలుపు వేసి. "విదేశీ ముఠా నాయకుడు. మన సైన్యం కోడ్ మెషీన్‌లో ఉండే డ్రమ్ము డ్రాయింగ్ వాడికి చిక్కింది. నకలు కోసిపెట్టమని మీవాణ్ని అడిగాడు. మీవాడు కాదన్నాడు."

"మెషీన్ ఎత్తుకెళ్లాడుగా, వాడే కోసుకోవచ్చుగా?"

"తరలించేటప్పుడు ఫ్రేము వంచారు, మోటారుని పట్టి ఉంచే మౌంట్లు విరగ్గొట్టారు. మెకానిక్ కోసం వెతుకుతున్నారు. నువ్వెళ్తున్నావు. కల్నల్ మాత్రం ప్రాణాలతో కావాలి."

ఫిట్టర్ అప్పటికే లేచి తలుపు వైపు నడిచాడు.

"నీకే చెబుతున్నాను."

"వినపడింది సార్."

అతికించిన గడ్డం, దళసరి కళ్లజోడు, చేతిలో పనిముట్ల పెట్టె. లాండ్రీ వెనక ముఠా వర్క్‌షాపు తలుపు తీసింది కోకిల. ఎర్ర పట్టు గ్లవ్స్, ఎదుటివాణ్ని తూకం వేసే చూపు. రెండు వైపులా పనిచేసే ఏజెంటు.

"నూనె వేయడానికొచ్చారా?"

"ముందు తుప్పు వదలాలి."

కోడ్ సరిపోయింది. ఆవిడ పక్కకు తప్పుకుంది.

ఫ్రేము మీద తమ్ముడి పెన్సిల్ గీతలు ఇంకా చెరగలేదు. ఫిట్టర్ వాటి వెంటే మూలమట్టం పెట్టి వంపు సరిచేశాడు. అక్కడ మోసం చేయలేదు. మౌంటు దగ్గర చేశాడు. ముందు పలక అసలైన అల్యూమినియం. దానికీ మోటారుకీ మధ్య వచ్చే నాలుగు స్పేసర్లు మాత్రం వెండిరంగు పూసిన ప్లాస్టిక్.

తమ్ముడు ఒకసారి నవ్వుతూ చెప్పిన కిటుకు అది. "అన్నయ్యా, ఈ ప్లాస్టిక్ కాసేపు రాయిలాగే ఉంటుంది. మోటారు బాగా వేడెక్కాక చూడు, వెన్నే!"

కల్నల్ వచ్చి పలక మీద వేలితో కొట్టి చూశాడు. "నిలుస్తుందా?"

"మీరున్నంత కాలం నిలుస్తుంది సార్."

"దీన్ని కట్టినవాడు మంచి పనివాడయ్యా. మాట వినే రకం కాదు, అంతే." కల్నల్ నవ్వాడు. ఫిట్టర్ స్పానర్‌తో ఇంకో చుట్టు బిగించాడు.

చిన్న ముక్క మీద టెస్ట్ చేశారు. నిమిషాల్లో అద్దంలా వచ్చింది. యంత్రం చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్షనే కల్నల్ నమ్మాడు. ముఠా దగ్గరున్న ఒకే ఒక్క ప్రత్యేక లోహపు దిమ్మను బిగించమన్నాడు. బయట కొరియర్ కారు ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది.

గాడి తర్వాత గాడి తెగుతోంది. మోటారు ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కింది. ఒక్కటే గాడి మిగిలింది. ఇంకా ఏమీ కాలేదు. ఫిట్టర్ వీపున చెమట జారింది.

అప్పుడు స్పేసర్లు లొంగాయి. మోటారు తల వాల్చింది. స్క్రూ పట్టేసి మూలిగింది. కట్టర్ దారి తప్పి, తెగిన గాడులన్నిటినీ అడ్డంగా చీల్చుకుంటూ పోయి పుటుక్కున విరిగింది. డ్రమ్ము తుక్కయింది.

కల్నల్ పిస్టల్ తీసేలోగా అతని మెడకి లిప్‌స్టిక్ గొట్టం ఆనింది.

"కదలకండి డార్లింగ్. ఇది పెదాలకి వేసుకునేది కాదు," అంది కోకిల.

ఫిట్టర్ గడ్డం పీకేసి రివాల్వర్ కల్నల్ నుదుటికి ఆనించాడు. "వాడు నా తమ్ముడురా."

మొదటిసారి కల్నల్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ప్రాణాలతో అన్నారు," కోకిల గొంతు తగ్గించింది. "దించండి. ప్లీజ్."

చీఫ్ మనుషులు లోపలికొచ్చేదాకా ఆ రివాల్వర్ దిగలేదు. పేలనూ లేదు.

"వీణ్ని వాడి దేశానికి అప్పగిస్తే అక్కడి జైల్లో ఉన్న మన ఏజెంట్లిద్దరూ ఇంటికొస్తారయ్యా," అన్నాడు చీఫ్ మర్నాడు. "ఇద్దరికీ చిన్నపిల్లలు. తెల్లారే ప్రయాణం."

"దారిలో చలిగా ఉంటుంది సార్. దొరగారికి ఓ దుప్పటి ఇప్పించండి."

ఆ ఇద్దరూ ఇల్లు చేరారు. కల్నల్ కూడా చేరాడు. తమ్ముణ్ని చంపినందుకు ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదు.