నడుము ముప్పై రెండు, సైజు ముప్పై ఆరు

"మీది ముప్పై ఆరు కాదు సార్. ముప్పై రెండు. మహా అంటే ముప్పై మూడు," అంది మృదుల, మెడలో టేపు తీయకుండానే.

నల్లకోటు చేతిమీద వేసుకుని నిలబడ్డ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ముప్పై ఆరే ఇవ్వండి. నాకు కొంచెం... వదులుగా ఉంటే హాయి."

"వదులుగ ఉంటే సపోర్ట్ ఏడికెళ్లి వస్తది? ఆపరేషన్ అయినంక కదలకుండ పట్టి ఉంచాలె. గందుకే గదా ఇది కుట్టేది!"

ఆబిడ్స్ సందులో మొదటి అంతస్తులో ఉంది ఆ టైలర్ షాపు. మృదుల తండ్రి బాలకిషన్‌ది. పోయినేడు ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు, టవల్లో చుట్టిన ఐసు అటు జారి ఇటు జారి పరుపంతా తడిపేది. ఫ్యాషన్ డిజైన్ చదివిన మృదుల అది చూడలేక, ఐస్ ప్యాకెట్‌కి జేబు పెట్టి ఒక బెల్టు కుట్టింది. చెకప్‌లో దాన్ని చూసిన నాంపల్లి డాక్టర్, "కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకునే మగవాళ్లకి కూడా ఇలాంటిది కుట్టగలవా అమ్మా?" అని అడిగాడు.

అలా పుట్టిందీ లోదుస్తు. లోపల మెత్తటి కాటన్, పైన సాగే గుడ్డ, ముందు ఐస్ ప్యాకెట్ జేబు. చల్లదనం తగలాలి గానీ ఐసు ఒంటికి తగలకూడదు. కాలెత్తే పని లేకుండా రెండు పక్కలా వెల్‌క్రో. కొనడానికొచ్చే మగవాళ్లందరూ సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూనే మాట్లాడేవారు. నవ్వకుండా ఉండటం మృదులకి అలవాటైపోయింది.

"పేరు?"

"శశికిరణ్. నాంపల్లి కోర్టులో జూనియర్ లాయర్ని."

"పిల్లలు?"

అతనూ ఫ్యాన్ వైపు చూశాడు. "ఇద్దరు. ఆడపిల్లలు."

"ఇంట్ల ఆమె కాకుండ మీరు చేయించుకుంటున్రా?"

ఈసారి మాత్రం సూటిగా చూశాడు. "ఆవిడకి ఇప్పటికే రెండు సిజేరియన్లు అయ్యాయండీ. మళ్లీ ఆమెనే ఆపరేషన్ బల్ల ఎక్కించడం న్యాయమా చెప్పండి?"

మృదుల కలం ఆగింది. ఎవరో గానీ అదృష్టవంతురాలు అనుకుని, ముప్పై ఆరే ప్యాక్ చేసి ఇచ్చింది.

ఆపరేషన్ అయిన మూడో రోజు అతను మళ్లీ వచ్చాడు. నడిచి కాదు, రెండేసి మెట్లు ఎగురుకుంటూ. బాలకిషన్ మోయలేక మోస్తున్న గుడ్డ తానుని అందుకుని భుజాన వేసుకున్నాడు.

"సార్! దించున్రి! మూడు దినాలు కూడ కాలే, బరువులెత్తుతున్రా?" అని కేకేసింది మృదుల.

"ఎవరు? నేనా? ఆ... అవునవును," అంటూ ఆ గుడ్డ తానుని దించి, వీపు పట్టుకుని మూలిగాడు.

"నొప్పి ఉండాల్సింది గాడ కాదు సార్!"

అతను గబగబా జేబులోంచి కాగితం తీసి, ఎవరి పిటిషనో చదివినట్టు చదివాడు. "ప్యాకెట్ ఇరవై నిమిషాలు బాగా చల్లగా ఉంది. ఎడమవైపు కుట్టు ఒరుసుకుంటోంది. పక్కకి తిరిగి పడుకుంటే పైకి జరుగుతోంది."

ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మృదుల ఆ కుట్టు విప్పి పక్కకి జరిపింది, నడుము పట్టీ వెడల్పు పెంచింది. ఆ వంకతో అతను రెండు వారాల్లో ఐదుసార్లు వచ్చాడు. కబుర్లు కుట్టు మీంచి కోర్టు మీదికి, కోర్టు మీంచి చిన్నపిల్ల కొరికేసిన లా పుస్తకం మీదికి మళ్లేవి. మృదుల పడీపడీ నవ్వేది. అతను మెట్లు దిగి వెళ్లగానే తన మీద తనకే అసహ్యం వేసేది. ఇద్దరు పిల్లల తండ్రి! ఏమైంది నాకు?

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. షాపు మెట్లు దిగే చోట, రేకు కింద ఇద్దరే నిలబడ్డారు.

"స్టేషన్ దగ్గర చాయ్ బాగుంటుంది. వెళ్దామా?" అన్నాడు.

వెళ్దామనే అంది మనసు. నోరు మాత్రం, "ఇంట్ల మీకోసం చూస్తుంటరు. పోయి రాండ్రి," అంది.

అతని ముఖం చిన్నబోయింది. "మృదుల గారూ, మీకొక మాట చెప్పాలి. కానీ చెప్పనని ఒకరికి ఒట్టేశాను."

"గట్లయితే చెప్పకున్రి."

అతను వానలోకి దిగి వెళ్లిపోయాడు. చెప్పాలట, చెప్పకూడదట! ఏంది ఈ మనిషి? ఆ పూట మృదుల కుట్టినవన్నీ వంకరే పోయాయి.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పేపర్లో చుట్టిన లోదుస్తు తీసి కౌంటరు మీద పెట్టింది.

"నా పేరు కామాక్షి. ఈ లేబుల్ మీదేనా అమ్మా?"

"ఔనమ్మా."

"మా శశి బీరువాలో దొరికింది. ఇది దేనికో ఫోన్లో వెతికి తెలుసుకున్నాను. పెళ్లి కూడా కాని పిల్లాడమ్మా! వాడికేం పుట్టింది?"

పెళ్లి కాలేదు! మృదుల గుండె ఒక్క గంతు వేసింది. వెంటనే చతికిలబడింది. మరి ఆపరేషన్ ఎందుకు? ఆ ఇద్దరు పిల్లలెవరు? సిజేరియన్ల ఆవిడెవరు?

"చెప్పమ్మా, వాడికి ఆపరేషన్ అయిందా?"

ఆ జవాబు కామాక్షి కంటే తనకే ఎక్కువ కావాలి. అయినా మృదుల మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టి, "వచ్చినోళ్ల సంగతి మేము ఎవ్వరికీ చెప్పమమ్మా. జర మీ కొడుకునే అడగున్రి," అంది.

కామాక్షి ఫోన్ చేసింది. అరగంటలో శశికిరణ్ పరుగున వచ్చాడు. అతని వెనకాల, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టే చూసుకుంటూ ఇంకొకాయన ఎక్కి వచ్చాడు. మృదుల కళ్లు వాటంతటవే ఆయన నడుము కొలిచాయి. ముప్పై ఆరు!

"అమ్మా, అది నాది," అన్నాడాయన. శశి అన్న సాయిచైతన్య. "దివ్యకి రెండు సిజేరియన్లయ్యాయి, మళ్లీ ఆపరేషన్ వద్దని నేనే చేయించుకున్నాను. మనవడు కావాలంటావని నీకు చెప్పలేదు. వీడి చేత ఒట్టేయించుకుని, ఇది కూడా వీడి బీరువాలోనే దాచాను. వీడిదేం తప్పు లేదు."

కామాక్షి ఆ లోదుస్తుని మళ్లీ పేపర్లో చుట్టింది. బాలకిషన్ మిషన్ తొక్కడం ఆపేశాడు.

"మనవడు కావాలన్నాను, నిజమే," అంది కామాక్షి. "నాకు ఆ ఆపరేషన్ అయినప్పుడు కుట్లు పుండై రెండు నెలలు మంచం దిగలేదు. అందరూ పిల్లల్ని ఎవరు చూస్తారనే అడిగారు. నొప్పిగా ఉందా అని ఒక్కరూ అడగలేదు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాతో చెప్పి ఉంటే నేనే దగ్గరుండి చూసుకునేదాన్నిరా. నిలబడ్డావేం? కూర్చో. నొప్పిగా ఉందా?"

శశికిరణ్ మెల్లగా కౌంటరు దగ్గరికి వచ్చాడు. "నేను చెప్పాలనుకున్న మాట ఇదేనండీ. నాకు పెళ్లి..."

"మాట్లాడకున్రి!" మృదుల ఒక్కసారిగా విరుచుకుపడింది. "పెళ్లయినోని గురించి రాత్రీ పగలూ ఆలోచిస్తున్ననని నన్ను నేను ఎంత తిట్టుకున్ననో తెలుసా మీకు?"

అన్నాక గానీ తను ఏమందో తెలియలేదు. షాపులో నలుగురూ తననే చూస్తున్నారు. మృదుల కత్తెర కౌంటరు మీద పడేసి వరండాలోకి పరుగెత్తింది.

లోపల కామాక్షి గొంతు సవరించుకుంది. "ఏమండీ, ఆదివారం మీరు ఇంట్లో ఉంటారా? మేము ఒకసారి వద్దామని."

"ఏడికి పోతమమ్మా? రాండ్రి, రాండ్రి," అన్నాడు బాలకిషన్.

శశికిరణ్ వరండాలోకి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు. కింద ఆబిడ్స్ ట్రాఫిక్ హారన్లు కొడుతోంది.

"నా గురించి ఏమని ఆలోచించారు?"

"గది కూడ మీ కోర్టుల సాక్ష్యం చెప్పాల్నా?" అంది మృదుల, నవ్వు కనపడకుండా వీధి వైపు తిరిగి.

"కోర్టులో కాదు. నాకొక్కడికే."

"అయితే చాయ్ తాగిపియ్యున్రి, చెప్త," అని, అతనికంటే ముందు తనే మెట్లు దిగడం మొదలుపెట్టింది.